వెన్, వైల్, యాజ్: మూడింటికీ ‘అప్పుడు’ అని అర్థం చెప్పుకుంటే చాలదు

మీ ప్రశ్న ఇది. విదేశంలో నర్సు ఉద్యోగం కోసం ఓఈటీ అనే పరీక్షకు, అంటే ఆరోగ్యరంగంలో పనిచేసేవారికి పెట్టే ఇంగ్లిష్ పరీక్షకు, సిద్ధమవుతున్నారు. రోగిని మరొకరి వైద్యానికి పంపుతూ రాసే రిఫరల్ లేఖలో, రోగి పడిపోయిన సంగతిని ఒకచోట వెన్‌తో, మరోచోట వైల్‌తో, ఇంకోచోట యాజ్‌తో చెప్పారు. దిద్దినవారు రెండు చోట్ల మార్చారు, కారణం చెప్పలేదు. నిఘంటువు తిరగేస్తే మూడింటికీ ‘అప్పుడు’, ‘ఉండగా’ అనే అర్థాలే కనిపించాయి. వైల్ తర్వాత ఇంగ్ రూపం (వాకింగ్ లాంటిది), వెన్ తర్వాత సింపుల్ పాస్ట్ అనే సూత్రం గుర్తుపెట్టుకుంటే సరిపోతుందా అని అడిగారు.

సరిపోదు. ఆ సూత్రం పైపైన కనిపించేదాన్ని మాత్రమే చెబుతుంది. వైల్ పక్కన ఇంగ్ రూపం ఎందుకు తరచుగా వస్తుందో తెలిస్తే సూత్రంతో పనే ఉండదు.

నర్సులకు చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ నేర్పుతున్న అనుభవంతో ఒక మాట గట్టిగా చెబుతాను. ‘తెలుగులో ఆలోచించడం మానేయండి, నేరుగా ఇంగ్లిష్‌లోనే ఆలోచించండి’ అని అందరూ సలహా ఇస్తారు. కాలాన్ని చెప్పే ఈ మాటల విషయంలో ఆ సలహా మీకు మేలు చేయదు. ఇంగ్లిష్ విడి మాటలతో చేసే పనిని తెలుగు క్రియ చివరనే చేసేస్తుంది. వస్తూ, వస్తుండగా, వచ్చినప్పుడు, రాగానే, వచ్చాక, వచ్చేసరికి, వచ్చేలోపు, వచ్చేదాకా, వచ్చినప్పటి నుంచి, వచ్చినప్పుడల్లా: ఒక్క క్రియకు ఇన్ని రూపాలు, వీటిలో మనం ఎవరమూ తడబడం. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఇంగ్లిష్‌లో రాయడానికి కూర్చోగానే వీటన్నిటినీ ‘అప్పుడు’ అనే ఒక్క మాటలోకి కుదించి, దాని మీద వెన్ అని పెట్టేస్తాం. కాబట్టి ముందు వాక్యాన్ని తెలుగులో సరైన క్రియారూపంతో చెప్పుకోండి. ఇంగ్లిష్ మాట చాలాసార్లు దానంతట అదే దొరుకుతుంది. దొరకని చోట్లు కొన్ని ఉన్నాయి, వాటినీ చెబుతాను.

మీ లేఖలోని రోగినే తీసుకుందాం. 72 ఏళ్ల ఆవిడ రాత్రి బాత్రూమ్‌కు వెళ్లాలని లేచారు, పడిపోయారు. ఆవిడ మంచం ‘దిగుతూ’ పడిపోయారా? అయితే ‘యాజ్ షి వజ్ గెటింగ్ అవుట్ ఆఫ్ బెడ్’. దిగడం ఇంకా పూర్తికాలేదు. లేఖ చదివే డాక్టర్ మంచం ఎత్తు గురించీ, కాళ్లలో బలం గురించీ ఆలోచిస్తారు. ‘లేచి నిలబడగానే’ పడిపోయారా? అయితే ‘యాజ్ సూన్ యాజ్ షి స్టుడ్ అప్’. ఈ ఒక్క మాటతో డాక్టర్ దృష్టి రక్తపోటు మీదికి మళ్లుతుంది. నిలబడిన 3 నిమిషాల్లోపు బీపీ పై అంకె 20 గానీ, కింది అంకె 10 గానీ తగ్గుతోందా అని చూడమంటారు. ఆవిడ వాడుతున్న బీపీ మాత్రలను తిరిగి పరిశీలిస్తారు. అలా కాక ‘నడుస్తూ’ పడిపోయారా? ‘వైల్ వాకింగ్ టు ద టాయిలెట్’. అప్పుడు తడి నేల, చెప్పులు, చూపు, నడక తీరు ముందుకు వస్తాయి. ‘వెన్ షి గాట్ అప్’ అని రాస్తే వ్యాకరణం ప్రకారం ఏ తప్పూ లేదు. కానీ దిగుతూనా, నిలబడగానేనా, రెండడుగులు వేశాకా అన్నది చెప్పకుండా వదిలేసినట్టు అవుతుంది. చెప్పగలిగిన సంగతిని చెప్పకుండా వదిలేయడం ఇలాంటి లేఖలో లోపమే.

ఇక్కడే మరో జాగ్రత్త. కేసు నోట్సులో ‘రాత్రి 2.10కి మంచం పక్కన నేల మీద కనిపించారు’ అని మాత్రమే ఉంటే, ఆవిడ పడటం ఎవరూ చూడలేదన్న మాట. అలాంటప్పుడు యాజ్ రాసినా, వైల్ రాసినా ఎవరికీ తెలియని విషయాన్ని మీరు కల్పించి చెప్పినట్టే. ‘వజ్ ఫౌండ్ ఆన్ ద ఫ్లోర్’ అని రాసి, సమయం వేసి ఆపేయాలి. మీ లేఖలో మార్చిన రెండు చోట్లలో ఒకటి ఇందుకే అయి ఉండవచ్చు, నోట్సు మళ్లీ చూసుకోండి.

ఇప్పుడు మీ సూత్రం సంగతి. వైల్ అనేది మొదట నామవాచకం, ‘కొంతసేపు’ అని దాని అర్థం. ‘ఫర్ ఎ వైల్’ అన్నప్పుడు ఆ అర్థం ఇప్పటికీ అలాగే ఉంది. కాబట్టి వైల్ పక్కన వచ్చే పనికి కొంత నిడివి ఉండి తీరాలి. దీన్ని పరీక్షించడం తేలిక: క్రియకు ‘అంతసేపు’ చేర్చి చూడండి. ‘నడుస్తున్నంతసేపు’ అనవచ్చు, ‘స్పృహలో ఉన్నంతసేపు’ అనవచ్చు. ‘జారిపడినంతసేపు’ అంటే మీకే వింతగా ఉంటుంది, అక్కడ వైల్ కుదరదు. నిడివి ఉన్న పనికి ఇంగ్ రూపం సహజం కాబట్టి ఆ రెండూ తరచుగా కలిసి కనిపిస్తాయి, అంతే. ‘వైల్ హి వజ్ ఇన్ ఐసీయూ’ అన్న వాక్యంలో ఇంగ్ ఎక్కడా లేదు, అయినా నిక్షేపంలాంటి వాక్యం. ‘ద పేషెంట్ వజ్ స్టేబుల్ వైల్ ఆన్ ఆక్సిజన్’ అంటే ఆక్సిజన్ ఉన్నంతసేపు బాగానే ఉన్నారని. తీసేశాక ఎలా ఉన్నారన్న ప్రశ్నను కూడా ఆ వాక్యమే లేపుతుంది. అక్కడ వెన్ పెడితే ఆ సూచన పలచబడిపోతుంది.

వయసుకూ, జీవిత దశలకూ మాత్రం వెన్ ఒక్కటే. ‘చిన్నప్పుడు ఆస్తమా ఉండేది’ అంటే ‘వెన్ హి వజ్ ఎ చైల్డ్’. బాల్యం ఏళ్ల తరబడి సాగేదే అయినా అక్కడ వైల్ వాడరు. ‘45 ఏళ్లప్పుడు షుగర్ బయటపడింది’ అన్నా అంతే.

వైల్ వాడేటప్పుడు తెలుగు చెవి మీకు ఇంకో పెద్ద మేలు చేస్తుంది. ‘వైల్ వాకింగ్ టు ద టాయిలెట్, ద ఐవీ లైన్ కేమ్ అవుట్’ అని చాలామంది రాస్తారు. ఇంగ్లిష్‌లో చూస్తే తప్పు చప్పున దొరకదు. అదే వాక్యాన్ని తెలుగులో అనండి: ‘బాత్రూమ్‌కు నడుస్తూ సెలైన్ సూది ఊడిపోయింది.’ సూది నడవడం ఏమిటని మీరే ఆగిపోతారు. ‘నడుస్తూ’ అన్న శత్రర్థకానికి రెండు పనులనూ ఒకరే చేయాలి. కర్తలు వేరైతే ‘ఆవిడ నడుస్తుండగా సూది ఊడిపోయింది’ అంటాం. ఇంగ్లిష్‌లోనూ అదే న్యాయం: తెలుగులో ‘తూ’ కుదిరితే ‘వైల్ వాకింగ్’, ‘తుండగా’ కావలసి వస్తే కర్తను బయటికి తెచ్చి ‘వైల్ షి వజ్ వాకింగ్’. పుస్తకాల్లో డాంగ్లింగ్ మాడిఫయర్ అని పేజీలకు పేజీలు వివరించే తప్పు ఇదే. తెలుగు మాట్లాడేవారికి ఆ వివరణ అవసరమే లేదు.

యాజ్ ఈ మూడింటిలోనూ అందమైనది, ప్రమాదకరమైనది కూడా. క్షణంలో ముగిసే రెండు పనులు ఒకేసారి జరిగితే యాజ్ వాడతారు. రెండు మార్పులు ఒకదానితో ఒకటి పెరుగుతూ పోయినా యాజే. తెలుగులో ఈ రెండోదానికి ‘కొద్దీ’ ఉంది. ‘జ్వరం పెరిగేకొద్దీ మాటలో పొంతన తగ్గింది’ అన్నదాన్ని ‘యాజ్ ద ఫీవర్ రోజ్, హి బికేమ్ ఇన్‌కోహెరెంట్’ అంటే సరిగ్గా సరిపోతుంది. వెన్ పెడితే జ్వరం ఒక్కసారిగా పెరిగినట్టు అనిపిస్తుంది. వైల్ పెడితే రెండూ ఒకే సమయంలో జరిగాయని తెలుస్తుంది గానీ, ఒకదాని వెంట ఒకటి పెరిగిన తీరు కనబడదు.

మరి ప్రమాదం ఎక్కడ? ఈ వాక్యం చూడండి: ‘ద డోస్ వజ్ రెడ్యూస్డ్ యాజ్ హిజ్ బ్లడ్ ప్రెషర్ ఫెల్.’ రక్తపోటు తగ్గేకొద్దీ మోతాదు కొంచెం కొంచెంగా తగ్గించారా? తగ్గిన సమయంలో ఒకసారి తగ్గించారా? తగ్గినందువల్ల తగ్గించారా? యాజ్‌కు ‘ఎందుకంటే’ అనే అర్థం కూడా ఉంది కాబట్టి మూడూ సాధ్యమే. చదివే డాక్టర్ తరువాతి మోతాదును నిర్ణయించాల్సింది ఈ వాక్యాన్ని చూసే. సిన్స్‌కూ ఇదే జబ్బు. ‘సిన్స్ ద క్యాథెటర్ వజ్ రిమూవ్డ్, హి హాజ్ హ్యాడ్ నో ఫీవర్’ అంటే తీసినప్పటి నుంచి జ్వరం లేదన్న అర్థం వస్తుంది, తీసినందువల్ల లేదన్న అర్థం కూడా వస్తుంది. వైల్‌కు ‘అయినప్పటికీ’ అనే అర్థం ఉంది. సిన్స్, వైల్ రెండింటినీ కాలం చెప్పడానికే వాడమని అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ శైలి నియమాలు రచయితలకు సూచిస్తాయి. రోగి గురించి రాసే ఉత్తరాల్లో నేను ఇంకో అడుగు ముందుకు వేసి, కారణానికి బికాజ్ తప్ప మరేదీ వాడవద్దని చెబుతాను. శైలి కొంచెం మొద్దుగా కనిపించినా ఫరవాలేదు.

మీరు అడగలేదు గానీ, వీటికన్నా ఎక్కువ తప్పులు నేను చూసేది అంటిల్, బై ద టైమ్, బై అనే మూడింటిలో. ‘సోమవారం వరకు మందు వాడండి’ అంటే అంటిల్. పని ఆగకుండా సోమవారం దాకా సాగాలి. ‘సోమవారంలోపు రిపోర్టు పంపండి’ అంటే బై. పని ఒక్కసారే జరుగుతుంది, సోమవారం దాటకూడదు. తెలుగులో ‘సోమవారం వరకు రిపోర్టు పంపండి’ అని మనం అనం, కానీ ఇంగ్లిష్‌లో ‘సెండ్ ద రిపోర్ట్ అంటిల్ మండే’ అని చేయి జారి రాసేస్తాం.

‘డాక్టర్ వచ్చేసరికి రోగి చనిపోయారు.’ దీన్ని ‘వెన్ ద డాక్టర్ అరైవ్డ్, ద పేషెంట్ డైడ్’ అని రాస్తే, డాక్టర్ వచ్చిన మరుక్షణం ప్రాణం పోయిందని అర్థం. రెండు సింపుల్ పాస్ట్ క్రియలను వెన్‌తో కలిపితే ఇంగ్లిష్ పాఠకుడు వాటిని ఒకదాని తర్వాత ఒకటిగా చదువుకుంటాడు. ‘బై ద టైమ్ ద డాక్టర్ అరైవ్డ్, ద పేషెంట్ హ్యాడ్ డైడ్’ అనాలి. వెన్ వాక్యంలో ఆ హ్యాడ్ లేకపోతే వరుస తారుమారవుతుంది. విచారణ దాకా వెళ్లే కేసుల్లో ఆ తేడా చిన్నది కాదు.

అయితే ‘సరికి’ కనిపించిన ప్రతిచోటా బై ద టైమ్ పెట్టకండి. తెలుగు పటం ఇంగ్లిష్ నేలతో కలవని చోట్లలో ఇదొకటి. ‘నేను వెళ్లేసరికి ఆయన నిద్రపోతున్నారు’ అంటే మామూలు వెన్ చాలు. బై ద టైమ్ పెడితే ఏదో ఆలస్యమైపోయినట్టు, అవకాశం చేజారినట్టు ధ్వనిస్తుంది. ‘సూది చూసేసరికి పిల్లాడు ఏడుపు లంకించుకున్నాడు’ అన్నప్పుడు ‘సరికి’లో ఉన్నది కారణం, అక్కడా వెన్ లేదా యాజ్ సూన్ యాజ్.

రెండో చోటు ‘అంతవరకు’. నొప్పి తగ్గేవరకు నడవవద్దు అని అంటాం, నొప్పి తగ్గనంతవరకు నడవవద్దు అని కూడా అంటాం. తెలుగులో రెండూ ఒకటే. ఇంగ్లిష్‌లో రెండోదాన్ని అలాగే దించి ‘అంటిల్ ద పెయిన్ డజ్ నాట్ సబ్‌సైడ్’ అంటే అర్థం చెడిపోతుంది. అంటిల్‌లో ‘తగ్గే క్షణం దాకా’ అన్న భావం ముందే ఉంది, దాని పక్కన నాట్ అక్కర్లేదు. ‘తగ్గేవరకు’ అన్న రూపానికి మార్చుకున్నాకే ఇంగ్లిష్ మొదలుపెట్టండి.

కాదన్న క్రియతో అంటిల్ వస్తే దానికి తెలుగులో అచ్చంగా సరిపోయేది ‘గానీ’. ‘షి డిడ్ నాట్ ఈట్ అంటిల్ ట్యూస్‌డే’ అంటే ‘మంగళవారానికి గానీ ఏమీ తినలేదు’, అంటే మంగళవారం తిన్నారు. ‘మంగళవారం వరకు తినలేదు’ అని మాత్రమే అనుకుంటే ఆ తర్వాత తిన్నారా లేదా అన్నది మన మనసులో తేలకుండా ఉంటుంది. ఇంగ్లిష్ పాఠకుడు మాత్రం తిన్నారనే తీసుకుంటాడు. ఇంకా తినడం లేదని చెప్పాలంటే అంటిల్ వదిలేసి, ‘హాజ్ నాట్ ఈటెన్ సిన్స్ సండే’ అని రాయాలి.

తేదీతో అంటిల్ వాడితే ఆ రోజు లెక్కలోకి వస్తుందా రాదా అన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. ‘అంటిల్ 12 మార్చ్’ అంటే 12న మాత్ర వేయాలా? తెలుగు ‘వరకు’లోనూ ఇదే గందరగోళం. యాంటీబయాటిక్ కోర్సు గురించి రాస్తున్నప్పుడు చివరి మోతాదు ఏ రోజు, ఏ పూట ఇవ్వాలో విడిగా చెప్పండి.

వన్స్‌కు ‘అయ్యాక ఇక’ అనే అర్థం ఉంది. ఆఫ్టర్ వరుసను మాత్రమే చెబుతుంది. మొదటిది పూర్తయితేనే రెండోదానికి దారి తెరుచుకుంటుందని వన్స్ చెబుతుంది. ‘వన్స్ ద ఫీవర్ సెటిల్స్, షి కెన్ గో హోమ్’ అన్నదానిలో అనుమతి ఉంది, షరతు ఉంది. మంచి మాట, డిశ్చార్జి లేఖల్లో బాగా పనికొస్తుంది. కానీ మోతాదు పక్కన మాత్రం పెట్టకండి. ‘గివ్ పారాసెటమాల్ వన్స్ ద టెంపరేచర్ రైజెస్’ అని రాస్తే, హడావిడిలో చదివేవారు వన్స్‌ను ‘ఒక్కసారి’ అని తీసుకునే ప్రమాదం ఉంది. మందుల చీటీల భాషలో వన్స్‌కు అదే అర్థం కదా. అక్కడ వెన్ లేదా ఇఫ్ వాడండి.

పదో తరగతిలో యాజ్ సూన్ యాజ్ వాక్యాలను నో సూనర్, దాన్ వాక్యాలుగా మార్చే అభ్యాసాలు మీరూ చేసే ఉంటారు. వాటిని ఈ లేఖల్లోకి తీసుకురాకండి. నో సూనర్ కథనానికి నాటకీయత తెస్తుంది, ఆస్పత్రి లేఖకు అది నప్పదు.

ఇఫ్, వెన్ మధ్య తడబాటుకు కారణం మన ‘తే’. ‘తెల్లవారితే ఆపరేషన్’ అంటాం. తెల్లవారడంలో ఎవరికీ సందేహం లేదు, అయినా షరతు చెప్పే రూపం (చేదర్థకం) వాడాం. తెలుగు ‘తే’ అనుమానానికీ వస్తుంది, నిశ్చయానికీ వస్తుంది. ఇంగ్లిష్ ఆ రెండింటినీ విడదీస్తుంది. జరుగుతుందని తెలిస్తే వెన్, తెలియకపోతే ఇఫ్. ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్న బంధువులతో ‘ఇఫ్ హి వేక్స్ అప్, వి విల్ కాల్ యు’ అన్నారనుకోండి, మేలుకోకపోవచ్చు అన్న భయాన్ని వాళ్ల గుండెల్లో వేసినట్టే. మీ మనసులో ఉన్నది ‘మెలకువ రాగానే పిలుస్తాం’ అనే భరోసా. అది వెన్‌తోనే అందుతుంది.

ఈ మాటల పక్కన విల్ పెట్టకూడదన్న నియమం చాలామందికి కంఠస్థమే గానీ ఎందుకో నమ్మకం కుదరదు, రేపటి పనికి విల్ లేకపోతే ఎలా అనిపిస్తుంది. తెలుగునే చూడండి. ‘రేపు డాక్టర్ వచ్చినప్పుడు అడగండి’ అంటాం. రేపటి మాటే, అయినా ‘వచ్చిన’ అన్నది భూతకాలపు రూపం. జరగబోయేదన్న సంగతిని ప్రధాన క్రియకు వదిలేశాం. ఇంగ్లిష్ కూడా సరిగ్గా అలాగే వదిలేస్తుంది, ‘వెన్ ద డాక్టర్ కమ్స్’. ‘డాక్టర్ ఎప్పుడు వస్తారో తెలియదు’ అన్నప్పుడు మాత్రం వెన్ అంటే ‘ఎప్పుడు’ అనే ప్రశ్న, అక్కడ విల్ రావలసిందే: ‘ఐ డు నాట్ నో వెన్ ద డాక్టర్ విల్ కమ్’. వెన్ మీకు ‘వచ్చినప్పుడు’గా వినిపిస్తే విల్ వద్దు, ‘ఎప్పుడు వస్తారో’గా వినిపిస్తే విల్ పెట్టండి.

చివరగా నిడివి సంగతి. ఓఈటీ లేఖలో ప్రధాన భాగం 180 నుంచి 200 మాటలు ఉండాలంటారు, కేసు నోట్సు చదవడానికి 5 నిమిషాలు, లేఖ రాయడానికి 40 నిమిషాలు. ప్రతి సంఘటనకూ వెన్ షి వజ్ అంటూ ఒక ఉపవాక్యం పెంచుకుంటూ పోతే ముఖ్యమైన వివరాలకు చోటు మిగలదు. ‘వెన్ షి వజ్ అడ్మిటెడ్’ బదులు ‘ఆన్ అడ్మిషన్’, ‘ఆఫ్టర్ ద సర్జరీ వజ్ డన్’ బదులు ‘ఆఫ్టర్ సర్జరీ’, ‘వైల్ షి వజ్ స్టేయింగ్ ఇన్ ద హాస్పిటల్’ బదులు ‘డ్యూరింగ్ హర్ స్టే’ అని రాయండి. డ్యూరింగ్ పక్కన మాత్రం నామవాచకమే రావాలి. ‘డ్యూరింగ్ షి వజ్ ఇన్ ద వార్డ్’ అన్నది తప్పు. కర్త, క్రియ రెండూ కావలసి వస్తే వైల్‌కు మారిపోండి.